బాల్కనీలో పోటు

నాగాయలంక నుంచి పార్సిల్,
ఇరవైమూడు కవర్లు.
ఒక్కోదాని మీద బోటు నాంచారయ్య చేతిరాత:
తేదీ, పాయ పేరు, బురద తడిదా ఆరిందా.
లోపల ఉండేది బావురుపిల్లి పెంట.
నా జీతం దాన్ని కడిగినందుకేనంటే
మా గల్లీలో ఇప్పటికీ నమ్మరు.

జల్లెడలో పోసి నీళ్ళు వదులుతాను.
పిల్లి తిన్న రాత్రి మెల్లగా విడిపోతుంది.
కొయ్యింగ పొలుసులు,
మండపీత డెక్క ముక్క,
ఉల్లంకిదో ఏమో, నానిన ఈక ఒకటి.
ఒక్కోసారి
గోరంత పాలకవరు పీలిక కూడా.
వాడపల్లి దగ్గర మా మూసీ కృష్ణలో పడుతుందని
బళ్ళో చదివాను.
ఆ పీలిక మా ఇంటిదని చెప్పలేను.
కాదనీ చెప్పలేను.
కొలిచి, మిల్లీమీటర్లు రాసి, డబ్బాలో వేస్తాను.

ఆ పిల్లిని నేను చూడలేదు.
సముద్రాన్నీ చూడలేదు.
పుట్టింది అంబర్‌పేట, వచ్చింది మూసారాంబాగ్,
నాకు తెలిసిన ఏరు
వంతెన కింద నురగ కక్కుకుంటూ పోయేదే.

పదిహేడో కవరు మడతలో
చిక్కుడు గింజంత పచ్చనిది దొరికింది.
"తెల్ల మడ విత్తనం" అన్నాడు సారు,
"అభయారణ్యం నుంచి పుల్ల కూడా తేకూడదు,
పొరపాటున పడ్డట్టుంది. రిజిస్టర్‌లో ఎక్కించి పారేయ్."
ఎక్కించాను.

పెయింటు బకెట్టు. చెరువు మట్టి.
వంటింట్లోంచి రాళ్ళ ఉప్పు రెండు పిడికిళ్ళు.
ఫోన్‌లో నాంచారయ్య పగలబడి నవ్వాడు.
"ఉప్పొక్కటే చాలుద్దా అమ్మా?
పోటు రావాల, పాటు తియ్యాల.
రోజుకి రెండుసార్లు మునగాల దానికి,
రెండుసార్లు గాలి పీల్చాల."

నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో
రోజుకి రెండు పోట్లు!
మగ్గుతో ఎక్కించడం,
ఆరు గంటలాగి గొట్టంతో దించడం.
ఉన్నవే నీళ్ళు, అదే సముద్రం,
పది లీటర్లది.

ఇంకోటి చెప్పాడు ఆయన.
పోటు మన గడియారం వినదట,
రోజూ యాభై నిమిషాలు వెనక్కి జరుగుద్దట.
అలా జరిగి జరిగి
ఒక వారానికి అర్ధరాత్రి దాటింది.
అలారం మోగితే జంగయ్య అటు తిరిగి పడుకునేవాడు,
పగలంతా ఆటో తిప్పి వచ్చినవాడు.
"బకెట్ల కర్ర పాతి బతుకమంటవు, పిచ్చి నీది."
పై అంతస్తు రజియా ఆపా
మెట్ల మీద ఆగి అడిగింది, పూల చెట్టా, పండ్ల చెట్టా అని.
పూస్తుందట, కాస్తుందట, తినేది కాదు అన్నాను.
మరెందుకన్నట్టు చూసి పైకి పోయింది.

విత్తనం పొట్టు వదిలింది,
మడత విప్పింది,
వంకర కాలొకటి బురదలోకి దించింది.

నాకు జ్వరం వచ్చిన రాత్రి
పోటు తప్పింది అనుకున్నాను.
తెల్లారి పాక్కుంటూ పోయి చూస్తే
బకెట్టు అంచుదాకా నీళ్ళు,
మెరుస్తున్నాయి.
జంగయ్య పళ్ళు తోముకుంటున్నాడు.
"ఇన్నా?" అన్నాను.
"పున్నమి గద," నోట్లో నురగతోనే అన్నాడు,
"రెండు మగ్గులు ఎక్కువ పోసిన."
ఈ సంగతి అతనికి ఎవరు చెప్పారో
నేను అడగలేదు.

ఇప్పుడు నాలుగు ఆకులు.
ఎండెక్కితే వాటి మీద
పిండి చల్లినట్టు తెల్లటి మెరుపు.
తాగిన ఉప్పును ఆకు బయటికి తోస్తోంది.
ఎవరూ లేనప్పుడు ఒంగి
నాలుక కొసతో తాకాను.
రిజిస్టర్‌లో "ఏం చేశారు" అనే గడి
ఖాళీగానే ఉంది. సారు ఇంకా పేజీ వెనక్కి తిప్పలేదు.

నిన్న కొత్త పార్సిల్ వచ్చింది.
తొమ్మిదో కవరు మీద
తేదీ, పాయ పేరు, బురద తడి.
మూలన, పెన్సిల్‌తో,
ఏ కాలమ్‌లోకీ రాని చిన్న అక్షరాల్లో
పోటు, 3:10.