మోచేతి ఎత్తు

మలాంగ్‌లో, మసీదు వెనక సందులో
హాజా ముస్లిఖా గారి రొట్టెల కార్ఖానా.
కార్ఖానా అని బోర్డు మీద ఉంది గానీ
ఆరుగురు మనుషులం, ఒక కట్టెల పొయ్యి,
పిండి కలిపే మిషను ఒకటి. దానికి కోపమొస్తే అందరం ఆగుతాం.
నేను వగియెమ్‌ని. పద్దెనిమిదేళ్ళుగా పొయ్యి దగ్గరే.
రొట్టె బయటికి రాగానే
నూనె కుంచెతో దాని వీపు నిమరడం నా పని.

ఆ పిల్ల పేరు దియాజెంగ్. ఇంజనీరింగ్ చదువు.
వంతెనలు కాదట, మిషన్లూ కాదట,
మనిషి పనిచేసే తీరునే కొలుస్తారట.
నవ్వొచ్చింది నాకు.
మెడలో స్టాప్‌వాచ్, చేతిలో టేపు,
చంకలో హలాల్ సర్టిఫికెట్ దరఖాస్తు.

నేను వంగినప్పుడల్లా ఒక గీత గీసింది.
మధ్యాహ్నం నమాజు వేళకి నాలుగు వందల పన్నెండు.
"నడుము నొప్పి లేదా అమ్మా?"
"ఉంది. నాతోపాటే పనికొస్తుంది,
జీతం మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే."

పొయ్యి తలుపు పిడి విరిగి రెండేళ్ళు.
తడిగుడ్డ చుట్టి లాగుతాం.
చేతులు కాలాక ఆకులు పట్టుకునే తీరిక కూడా లేదు,
టూత్‌పేస్ట్ రాసుకుని తర్వాతి ట్రే అందుకుంటాం.
అదీ రాసుకుంది.

మైదా ఎక్కడిది, ఈస్ట్ ఎక్కడిది,
వనస్పతిలో కొవ్వు దేనిది?
హాజా గారు బిస్కెట్ డబ్బాలోంచి రశీదులు తీసి
ఒక్కొక్కటీ అరచేత్తో ఇస్త్రీ చేసి పెట్టింది.
ముప్ఫయ్యేళ్ళ వ్యాపారం, ఒక్క తప్పు కాగితం లేదు.

అప్పుడు పిల్ల నా చేతిలోకి చూసింది.
"ఈ కుంచె దేంతో చేశారు?"
కుంచెని ఎవరడుగుతారు!
ఒక పోచ తెంపి అగ్గిపుల్ల గీసింది.
నైలాన్ అయితే కరిగి ఉండ కడుతుంది,
నార అయితే కాగితం కాలిన వాసన.
ఇది

ముందు నాకే తెలిసింది.
నా ముంజేతి వెంట్రుకలు పొయ్యి మూతికి మాడినప్పుడు
రోజూ వచ్చే వాసనే.

తెల్లటి బిరుసు వెంట్రుక.
ఏ జంతువుదో పిల్ల చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.
హాజా గారు నేల మీద కూలబడింది.
ఎన్ని పెళ్ళిళ్ళకి ఇచ్చాం,
ఉపవాసం విడిచే ఎన్ని సాయంత్రాలకి.

ఆ రాత్రి ట్రేలు, బల్లలు, గిన్నెలు
ఏడేసి సార్లు కడిగాం, అందులో ఒకసారి మట్టినీళ్ళతో.
తెల్లారేసరికి ఆరు సిలికాన్ కుంచెలు.

తప్పే, కానీ లెక్కేసుకున్నాను:
కుంచెకి ఒక రాత్రి.
పిడికి రెండేళ్ళు, ఇంకా.

దియాజెంగ్ నాకన్నా మర్యాదగా అడిగింది:
"హలాల్ పక్కనే తయ్యిబ్ అన్న మాట కూడా ఉంది కదండీ,
మంచిది, మేలైనది అని.
చెయ్యి కాల్చుకుని చేసిన రొట్టెని ఏ గడిలో రాయను?"

హాజా గారు నా చేతికేసి చూసింది.
రోజూ చూసే చెయ్యే.
మచ్చ మీద మచ్చ, పాత పద్దుపుస్తకంలా.
ఆ రోజు చదివింది.

శుక్రవారం వెల్డింగ్ కుర్రాడొచ్చి
చెక్క తొడుగున్న పిడి బిగించాడు.
నన్ను గోడకి నిలబెట్టి మోచేతి దగ్గర పెన్సిల్ గీత గీసింది పిల్ల:
తొంభై నాలుగు. బల్ల డెబ్బై.
బల్లకాళ్ళ కింద ఇటుకలు పెట్టాం, జానెడు తక్కువ ఎత్తున.

సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గల్లాపెట్టె పైన తగిలించారు.
నడుము నొప్పి పోలేదు,
పద్దెనిమిదేళ్ళది ఇటుకలకి లొంగుతుందా.
దియాజెంగ్ సురబయా వెళ్ళిపోయింది.

మొన్న తుమినా అని కొత్త పిల్ల చేరింది. పొట్టిది.
భుజాలు చెవుల దాకా ఎత్తి కుంచె ఆడిస్తోంది.
ఆగమన్నాను. గోడకి నిలబెట్టాను.
పెన్సిలు దొరకలేదు,
పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి
నా గీతకి నాలుగు వేళ్ళ కింద ఇంకో గీత గీశాను.

"ఇటుకలు తీసేస్తారా?" అంది భయంగా.
"బల్ల అక్కడే ఉంటుంది," అన్నాను,
"నీ కాళ్ళ కిందకి ఒక చెక్క చూడాలి."