మళ్ళీ ముప్పైనాలుగులోనే

అలెంతెజులో జూన్ నెల.
ఐదున్నరకే గొడ్డళ్ళు భుజానికెత్తుకుని
గుట్ట మీది బెండుచెట్ల దగ్గరికి నడుస్తాం.
చెట్టుకి ఇద్దరం.
అటువైపు జుల్మీరో, ఇటువైపు నేను.
ముప్పై ఒక్క ఏళ్ళుగా మా ఇద్దరి మధ్యా
ఎప్పుడూ ఏదో ఒక మాను.
అతని ముఖం కన్నా
అతని గొడ్డలి చప్పుడే నాకు బాగా తెలుసు.

బెరడు వదులుగా ఉంటే
దెబ్బ బోలుగా మోగుతుంది, ఖాళీ గాదెను తట్టినట్టు.
పట్టేసి ఉంటే పొడిగా, ముక్తసరిగా,
అప్పడిగినవాడికి షావుకారు చెప్పే జవాబులా.
అక్కడ గొడ్డలి ఆగాలి.
వెంట్రుకవాసి లోతు ఎక్కువ దిగిందా
లోపలి పొర తెగుతుంది.
తెగిన చోట మళ్ళీ బెరడు కట్టదు.
చెట్టు బతుకుతుంది. చిగురేస్తుంది. కాయలు రాలుస్తుంది.
ఆ చోట మాత్రం
ఇంకెప్పుడూ ఏమీ ఇవ్వదు.

ఒలిచాక మాను ఎర్రగా, తడిగా,
అప్పుడే నీళ్ళు పోసిన పసిబిడ్డ వీపులా ఉంటుంది.
తెల్లరంగు డబ్బాతో ఇరియా వస్తుంది,
పంతొమ్మిదేళ్ళ పిల్ల, నోట్లో ఎప్పుడూ ఓ గడ్డిపరక.
మాను మీద పెద్ద ఐదు వేస్తుంది.
ఇరవై ఐదులో ఒలిచామని గుర్తు.
మళ్ళీ ముప్పైనాలుగులోనే.
అంతదాకా బ్యాంకువాడొచ్చి గుమ్మంలో కూర్చున్నా
యజమాని ఆ చెట్టు జోలికి పోకూడదు.
చట్టం ఉంది.
చెట్టుకి.

ఆ గురువారం వడగాలి లేచింది.
సువావ్ అంటాం మేం. గొంతులో ఇసుక పోసినట్టుంటుంది.
బెరడు బిగుసుకుపోయింది.
జుల్మీరో రెండు దెబ్బలు వేసి, విని,
"ఈపూట ఇవ్వదు" అని రాయి మీద కూర్చున్నాడు.
నేను కూర్చోలేదు.
నాకు కూర్చోవడం రాదు.
లారీ సగమే నిండింది, మేస్త్రీ పుస్తకం తెరిచే ఉంది,
ఏప్రిల్ నుంచీ కుడి భుజంలో నిప్పుకణిక,
ఎవరికీ చెప్పలేదు, చెబితే అది నిజమైపోతుందని.

కొట్టాను.
పొడి చప్పుడు. విన్నాను. విననట్టు మళ్ళీ కొట్టాను.
తెగింది.

జుల్మీరో లేచి వచ్చాడు.
తిడతాడనుకున్నాను.
గాయం మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు,
జ్వరం చూసినట్టు.
తర్వాత తన రొట్టెలో సగం నాకిచ్చాడు.
తిన్నానో లేదో గుర్తులేదు.
బోర్లాపడి నిద్రపోయాను,
గొడ్డలి పిడి మీంచి చెయ్యి తియ్యకుండా.

సాయంత్రం ఇంట్లో గుమ్మం దాటగానే
దెయొలిందా నవ్వడం మొదలెట్టింది.
ఈస్టర్ తర్వాత ఆమె నవ్వగా నేను చూడలేదు.
"చొక్కా విప్పు, చూసుకో."
వీపు నిండా తెల్లటి ఐదు.
ఇరియా పని.
రంగు గుడ్డలో ఇంకి చర్మం దాకా దిగింది.
"ఇంకేం, ముప్పైనాలుగు దాకా నిన్నెవరూ ముట్టుకోకూడదు"
అంటూ కళ్ళు తుడుచుకుంది,
పిండి చేతులతో. రొట్టెకి పిండి కలుపుతోంది.

ఆమె పని బెరడు బిరడా అయ్యే చోట.
బెల్టు మీద బిరడాలు పరుగెత్తుతూ వస్తాయి,
చిల్లున్నది ఇటు, లేనిది అటు,
ఇరవై ఆరేళ్ళుగా ఇటు, అటు.
రాత్రి నిద్రలో కూడా
ఆమె వేళ్ళు దుప్పటి మీద ఏవో ఏరుతుంటాయి.
నేను చూస్తాను. ఉదయం అడగను.
ఆ బెల్టుకి వడగాలి తగలదు,
ఈపూట ఇవ్వనని అది ఏ పూటా అనదు.

నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు.
నా వైపు వీపు తిప్పి నిలబడింది.
నల్ల గౌను. రెండు బొత్తాలు ఊడిపోయాయి,
అవెప్పుడు ఊడాయో నాకు తెలీదు.

"మరి నాకెవరు వేస్తారు?"

ఇంట్లో రంగు లేదు.
బల్ల మీది పిండిలో వేలు ముంచాను.
చెయ్యి ఎత్తబోయాను.
భుజం దాకా లేవలేదు.

ఆమే
కాస్త కిందికి వంగింది.