లోపల వదిలిన గుడ్డ

నారాయణపేటల, పాత బస్టాండు వెనక సందుల
నా మిషను దుకాణం.
గోడకు అద్దం, అద్దం పక్కన మేకు,
మేకుకు టేపు.
అంకెలు అరిగినయి గానీ
అది అబద్ధం మాత్రం నేర్వలే.

ఊర్ల ఎవరు ఏం తింటున్నరో
ఏం మానేసిండ్రో
నా కొలతల బుక్కుకు ముందే తెలుస్తది.

పుష్పలీల టీచర్ పేజీ చూడుండ్రి.
ఉగాదికి నడుము ముప్పయ్యారు,
మిరుగు కార్తెకు ముప్పయొకటి.
"అన్నం బంద్, రొట్టె బంద్, అరటిపండు గూడ బంద్,
పొద్దున చాయల వెన్నపూస" అన్నది.
అద్దంల పక్కకు తిరిగి నవ్వింది.
నవ్వుతుంటే నోట్లకెళ్ళి
మాగిపోయిన పండు వాసన.

అయిదు రవికెలు, రెండు దిక్కుల
రెండున్నర ఇంచులు లోపలికి పట్టిన.
"మిగిలింది కత్తిరించు మాణిక్యా,
ఇగ నేను వెనక్కి పోను."
కత్తెర పట్టుకున్న.
మల్ల కింద పెట్టిన.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు వచ్చింది
సంచిల అవే అయిదు రవికెలు.
నడుము ముప్పయ్యెనిమిది.
ఏం అడగలే నేను.
తనే చెప్పింది, మెల్లగ,
రాత్రి అందరు పండుకున్నంక
వంటింట్ల లైటు వెయ్యకుండ
పిల్లల బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసిన కథ.
కుట్లు విప్పిన. దారం వచ్చింది.
సూది పొడిచిన బెజ్జాలు మాత్రం
పట్టు మీద చీమల బారు లెక్క
అట్లనే ఉండిపాయె.

మొగులప్ప సేటు కొడుకు
అరవై రోజులు డబ్బా పొడి కలుపుకొని తాగిండు,
పెండ్లి షేర్వాణీ బిగుతుగ కుట్టించుకున్నడు.
విందు నాడు మూడో బిర్యానీ ప్లేటు కాడ
గుండీ ఎగిరి ఫొటోగ్రాఫర్ చెంపకు తగిలిందట.
కుట్టుకు నా కాడికే వచ్చింది గుండీ.

మా అవ్వ దినాం గట్క తిన్నది.
ఆరోగ్యానికి కాదు, కరువుకు.
బొంబాయిల మట్టి మోసి వచ్చిన మనిషి,
వరన్నం పండుగనాడే చూసేది.
అందుకే ఆకలిని నేను పొగడ.
పైసలిచ్చి మరీ కడుపు మాడ్చుకుంటున్నరంటే
అవ్వ నమ్మకపోవు.

నాకూ నిరుడు చక్కెర బీమారి బయటపడ్డది.
గోలీలు రాసి, "తిండి జర సూసుకో" అన్నడు డాక్టరు.
పెద్దగ ఏం చేయలే.
రాత్రి రెండు గంటెల అన్నం కాడ ఒకటి,
జొన్నరొట్టె ఒకటిన్నర,
పప్పుల పుంటికూరనో గంగవాయిలో చేతినిండ.
ఏడింటికి మిషను ఆపి తింటున్న.
కుట్టిన బట్టలు పిల్లగాని చేత పంపక
నేనే నడిచిపోయి ఇచ్చొస్తున్న.
ఎండాకాలం రెండు వారాలు అదీ చేయలే, కాళ్లు మొరాయించినయి.
మల్ల మొదలుపెట్టిన.
హోళీ నాడు భక్షాలు రెండు తిన్న,
నెయ్యి కారంగ, మనసార.
తెల్లారి ఉపాసం ఉండలే.
తెల్లారి మల్ల అదే రొట్టె.

యాడాదికి నా నడుము ఒక్క ఇంచు తగ్గింది.
ఎవ్వరూ చూడలే.
టేపు చూసింది.

మొన్న పుష్పలీల టీచర్ వచ్చి
కుర్చీల కూలబడి అడిగింది:
"నిజం చెప్పు, నువ్వేం తింటవు?"
ఏదో రహస్యం దాచినట్టు నా మొఖం వెతికింది.
టిఫిన్ డబ్బా మూత తీసిన.
రొట్టె, కూర, కోసిన ఉల్లిగడ్డ.
"ఇంతేనా?"
"ఇంతే. రేపు గూడ ఇదే.
నచ్చకపోతే కూర మార్చు."

కొత్త రవికె కొలతలు రాసుకున్న.
లోపల ఇంచు గుడ్డ వదుల్తనని చెప్పిన.
"మల్ల లావైతననా?"
"కాదమ్మా, మనిషివని."

తను అప్పటికే రొట్టె సగం తుంచింది.
మిషను మీద జొన్నపిండి రాలింది.
చీర కొంగుతోని తుడవబోయి
ఆగి, ఇంకో ముక్క తుంచింది.