పదమూడో నెల

పియాసాలో, గడియారాలు బాగుచేసే కొట్టు మీద
రెండో అంతస్తు గది నాది.
కింద ఆగిపోయిన గడియారాలు,
పైన ఆగిపోయిన మనుషులు.
బోర్డు మీద విమానం బొమ్మ ఉంది గానీ
నేనెప్పుడూ విమానమెక్కలేదు. అది వేరే సంగతి.

ఇంటిపేరేమిటని అడుగుతుంది తెర.
అడిస్ అబాబాలో మాకు ఇంటిపేర్లుండవు.
మనిషి పేరు, నాన్న పేరు, తాత పేరు:
ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి
గోడ అవతలికి తొంగిచూసినట్టు.
ఎర్ర చుక్క ఉన్న గడి ఖాళీగా వదిలితే పేజీ కదలదు.
అంచేత తాతల్ని ఇళ్ళు చేస్తాను.
ఎన్నడో పోయిన పశువుల కాపరి ఒకాయన
నిన్న సాయంత్రం ముగ్గురు అన్నదమ్ములకి ఇల్లయ్యాడు.

ఈమెయిల్ లేనివాళ్ళకి ఈమెయిల్ పుట్టిస్తాను.
మర్చిపోతారని అందరికీ ఒకటే పాస్‌వర్డ్,
మా వీధి కుక్క పేరు, చివర రెండు సున్నాలు.
తప్పే. తెలుసు.

"మీరెప్పుడైనా మారణహోమంలో పాల్గొన్నారా?"
చదివి వినిపిస్తే అందరూ నవ్వుతారు.
మిరపపొడి అమ్మే గెబ్రెయెసుస్ నవ్వలేదు.
చాలాసేపు కిటికీలోంచి చూసి
"చూశాను. దానికి గడి ఉందా?" అన్నాడు.
లేదు. అవును, కాదు, రెండే ఉన్నాయి.
కాదు నొక్కాను.

పదిహేను నిమిషాలు మాట్లాడకపోతే
తెర మమ్మల్ని మర్చిపోతుంది.
మళ్ళీ మొదట్నించీ పుట్టాలి, పెళ్ళాడాలి, ఉద్యోగంలో చేరాలి.
ఈలోగా కరెంటు పోతుంది.
కింద నుంచి అబ్నెత్, భూతద్దం కంటికుండగానే,
"పంపేశావా?" అని అరుస్తాడు.

వానాకాలం చివర్లో వచ్చింది ఎత్సెగెనెట్.
కాఫీ రుచి చూడటం ఆమె పని.
చెంచాడు జుర్రి, ఉమ్మేసి,
ఏ కొండ, ఏ వైపు వాలు,
గింజలు ఆరేసిన రోజున మబ్బు పట్టిందా, చెప్పేస్తుంది.
ట్రియెస్టె నుంచి పిలుపొచ్చింది.
వృత్తుల జాబితాలో వంటమనిషి ఉన్నాడు, రైతు ఉన్నాడు,
నాలుక లేదు.
"ఇతరములు" నొక్కాను.
ఇతరములు, అని తనూ ఓసారి నోట్లో తిప్పి చూసి
"కొంచెం మాడింది," అంది.

పుట్టిన తేదీ?
"పగుమే ఆరు, యాభై అయిదు."
నా వేలు ఆగింది.

పన్నెండు నెలలూ తలా ముప్పై రోజులు పట్టుకుపోగా
మిగిలిన చిల్లర మా పదమూడో నెల.
ఐదు రోజులు. నాలుగేళ్ళకోసారి ఆరు.
ఆ వానకి పాపాలు పోతాయని
పిల్లలు గుడ్డలిప్పి వీధిలోకి పరిగెడతారు.
ఈమె ఆ ఆరో రోజున పుట్టింది.
తెర మీది నెలలు మాత్రం డిసెంబరు దగ్గర అయిపోతాయి.

కాగితం మీద లెక్క కట్టాను. ఎనిమిదేళ్ళు జరిపి,
సెప్టెంబరు పదకొండు, అరవై మూడు.
"ఇక మీ పుట్టినరోజు ఏటా వస్తుందండీ," అన్నాను.
"అయ్యో," అంది, "ఇన్నాళ్ళూ పదిహేనేళ్ళే అనుకున్నా."

చివరి పేజీ.
"ఈ ఫారం నింపడంలో మీకెవరైనా సాయం చేశారా?"
పద్నాలుగేళ్ళుగా, చదవకుండానే, కాదు నొక్కుతాను.
మంత్రసాని పేరు ఏ పత్రంలో రాస్తారు గనక.
పైగా అవునంటే ఇంకో పేజీ, ఇంకో అనుమానం.
ఎత్సెగెనెట్ ముందుకి వంగింది.
అవును మీద గోరు ఆనించి ఊరుకుంది.

ఇంకో పేజీ తెరుచుకుంది.
సాయం చేసినవారి పేరు: ఫిఖిర్తె.
తండ్రి వోల్దెఆబ్.
ఇంటిపేరు, ఎర్ర చుక్క.
తెసెమ్మాని నేను చూడలేదు.
గుర్రాలకి లాడాలు కొట్టేవాడట,
ఎడమచెవి వినపడేది కాదట.
ఆయన్ని తీసుకొచ్చి ఆ గడిలో నిలబెట్టాను.
సరిపోయాడు.

పంపు నొక్కాను.
తెర మధ్య చిన్న చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది.
కింద నుంచి అబ్నెత్ అరిచాడు.
ఇంకా లేదన్నాను.