నాలుగో కాలు

ఆరు వారాలకోసారి ఆ కొండెక్కుతాను,
వ్యాన్ వెనక కొలిమి, దాగలి, మేకుల డబ్బా
ఒకదాన్నొకటి తిట్టుకుంటూ.
వేల్స్‌లో వాన ఆగదు,
మధ్యమధ్య ఊపిరి తీసుకుంటుంది, అంతే.

ఎలునెడ్ పారీ గేటు దగ్గరే ఉంటుంది
నలుపూ తెలుపూ గుర్రాన్ని
దారపు ఉండలా పట్టుకుని.
దాని పేరు పడ్డింగ్. బరువు ఆరువందల కిలోలు.
"ఉత్తి పసివాడండీ, ఆడుకుంటాడంతే."

ఆ ఆట ఇంకా నా తొడ మీద నీలంగా ఉంది.
కాలెత్తబోతే నా వీపు మీద వాలతాడు
సంతలో తాగొచ్చిన మేనమామలా.
ఆకురాయి ఆనీ ఆనకముందే లాగేసుకుంటాడు,
ఆవిడ జేబులోంచి క్యారెట్ తీస్తుంది.
తన్నినందుకు జీతం.
నేర్పడం లేదనుకుంటూనే నేర్పుతున్నారమ్మా
అనబోతాను,
మాట నోట్లోని మేకుల మధ్య ఇరుక్కుంటుంది.

పని నేర్పిన ఇద్రిస్ తాత అనేవాడు:
మనం గిట్టలకి చెప్పులు కుట్టేవాళ్ళం,
బడిపంతుళ్ళం కాము.

కిందటిసారి మూడు గిట్టలే చెక్కి
బిల్లు వెనక రాశాను:
రోజూ నాలుగు కాళ్ళూ ఎత్తండి.
దించాల్సింది మీరు, లాక్కోవాల్సింది వాడు కాదు.
కుదరదంటే ఇంకొకణ్ణి చూసుకోండి.
చివరి ముక్క కింద గట్టిగా గీత గీస్తే
పెన్సిల్ మొన విరిగింది.
దారంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.
కొండ దిగేసరికి ఆ మెప్పు అయిపోయింది.

ఇవాళ
ముందు కుడి ఇచ్చాడు. ముందు ఎడమ ఇచ్చాడు.
వెనక ఎడమ, కాస్త ఆలోచించి,
చదువుకున్నవాడిలా ఇచ్చాడు.
క్యారెట్ జేబులోనే ఉంది.

నేను చుట్టు తిరిగి అటువైపు వచ్చేసరికి
ఆవిడ పగ్గం బిగించింది, గొంతు కూడా.
"దాని జోలికి నేను వెళ్ళలేదండీ."
స్వెటర్ చేయి పైకి లాగింది.
తొందరలో అతికించిన టీకప్పు పిడిలా
మణికట్టు ఒక పక్కకి వంగి ఉంది.
"పోయిన మార్చిలో. మీకు చెబితే
వాణ్ణి అమ్మేయమంటారని."

ఇన్నాళ్ళూ బద్ధకం అనుకున్నాను.
భయం కూడా గేటు దగ్గర నవ్వుతూ నిలబడి
ఆడుకుంటాడంతే అంటుందని
నా ముప్ఫై ఏళ్ళ సుత్తి నాకు చెప్పలేదు.

కత్తి కింద పెట్టాను.
మేకులు అరచేతిలోకి ఉమ్మేశాను.
దీని పని ఇవాళ కాదు, ఇటు రండి, అన్నాను.
వాడి తుంటి మీద ఆవిడ చేయి,
ఆ చేతికి జానెడు దూరంలో నాది.
తుంటి నుంచి మోకాలికి, మోకాలి నుంచి కిందికి
అంగుళం అంగుళం అడుక్కుంటూ దిగాం.
పడ్డింగ్ ఒక చెవి వెనక్కి తిప్పాడు.
వాన ఊపిరి తీసుకుంది.

గిట్ట నేల నుంచి రెండు వేళ్ళ ఎత్తు లేచింది.
"దించేయండి," అన్నాను, "వాడు అడగకముందే."
దించింది.
ఇంకోసారా, అంది. చాలన్నాను.

బిల్లులో ఏం రాయాలో తోచక
తారీఖు మాత్రం వేసి ఇచ్చాను.