ఏడో మాత్ర

బ్రాడీపేటలో బ్యాటరీల కొట్టు పైన
మూడో అంతస్తు, నా స్టూడియో.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, వాటికి నల్లరంగు.
ఏసీ నడిస్తే రికార్డింగు ఆగాలి,
రికార్డింగు నడిస్తే ఏసీ ఆగాలి.

వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు.
సంగీత్‌కి పాట కావాలని పెళ్ళికూతురి చెల్లెళ్ళు,
కార్పొరేటరు పుట్టినరోజని కండువాల కుర్రాళ్ళు,
క్రిస్మస్ ముందు పాస్టరుగారి అల్లుడు.
అందరికీ ఒకటే దరువు.
కంప్యూటర్లో దాని పేరు 'మాస్ నాలుగు'.
పెళ్ళికూతురికి కాస్త వేగం తగ్గిస్తా,
కార్పొరేటరుకి ఈలలు కలుపుతా,
ప్రభువుకి ప్రతిధ్వని పెంచుతా.

సాయంత్రం టీ కొట్టు దగ్గర మాత్రం
కాలు మీద కాలేసుకుని అంటా:
"ఈ కాలం పాటల్లో ఏముందండీ,
అన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకలు."
వయొలిన్ సుందరరామయ్య తలూపుతాడు.
ఆ టీకి డబ్బులిచ్చింది 'మాస్ నాలుగే'.

మార్చిలో వచ్చాడు మస్తాన్‌వలి.
పందొమ్మిదేళ్ళు. వీపున కీబోర్డు,
సంచి జిప్పు పోయిన చోట పిన్నీసులు.
వాళ్ళ తాత సన్నాయి ఊదేవాడట,
పెళ్ళిళ్ళకీ, కోవెల సేవలకీ.
వీడికి వారమంతా పనే.
ఆదివారం చర్చిలో ప్యాడ్లు,
చవితి తొమ్మిది రోజులూ ట్రాక్టరు మీద డీజే,
ముహూర్తాలుంటే ఆర్కెస్ట్రా,
ఎనిమిది వందలూ, బిర్యానీ పొట్లం.
"అవకాశాలకేం కొదవ లేదు సార్,
నా పాట వాయించే అవకాశం ఒక్కటే..."
అంటూ కేబులు ముడి విప్పుకోవడంలో పడ్డాడు.

వాడి పాట ఏడు మాత్రల మీద నడిచింది.
మూడూ నాలుగు. మూడూ నాలుగు.
నిండు బిందె చంకనెత్తుకున్న మనిషి
మెట్లెక్కుతున్నట్టు.
"బాబూ, జనానికి నాలుగే ఎక్కుద్ది,
ఆ మూడూ తీసెయ్.
పదిహేను సెకన్లలో పట్టుకోకపోతే
బొటనవేలు నిన్ను పైకి తోసేస్తది" అన్నా.
తీయలేదు. వాదించనూ లేదు.
"ఒక్క టేక్ సార్."

ఏసీ ఆపా. ఊపిరాడక కిటికీ రెక్క వేలెడు తీశా.
గాలి మిర్చి యార్డు వైపు నుంచి మళ్ళింది.
గుంటూరు వాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు.
ప్రతి చుట్టులో ఏడో మాత్ర ఖాళీగా వదులుతున్నాడు వాడు,
అది వాళ్ళ తాత ఊపిరి తీసుకునే చోటట.
సరిగ్గా అక్కడ
తుమ్మాను.

చెరిపేస్తానన్నా. రెండు నొక్కులు, అంతే పని.
"ఉంచండి సార్" అన్నాడు, నవ్వకుండా.

ఆ రాత్రి షట్టరు దించుతుంటే గుర్తొచ్చింది
ఎనభై తొమ్మిదిలో మా ఆర్కెస్ట్రా, గిటారు నేను.
క్యాసెట్టు అరిగిపోయేదాకా విని
ఏ తీగ మీద ఏ వేలో అలాగే దింపేవాణ్ణి.
ముందు వరసలో ఎవరో "అచ్చం క్యాసెట్టే!" అంటే
ఆ పూటకి అన్నం అక్కర్లేదు నాకు.
ముప్పై అయిదేళ్ళు.
ఎవర్నీ చూడకుండా నేను వాయించింది
ఆ తుమ్ము ఒక్కటే.

పాట బయటికొచ్చి రెండు వారాలు.
నూట పన్నెండుసార్లు విన్నారని చూపిస్తోంది,
అందులో పాతిక నావే.
నాకు రావాల్సిన ఆరొందల్లో మూడొందలు ఫోన్లో పడ్డాయి,
మిగతావి శ్రీరామనవమి పందిట్లో
వాయించాక ఇస్తానన్నాడు.

నిన్న టీ కొట్టు దగ్గర సుందరరామయ్య
ఈ కాలం పాటల సంగతి మళ్ళీ ఎత్తాడు.
తలూపబోయి ఆగా.
వేళ్ళు బల్ల మీద వాటంతటవే
మూడూ నాలుగు, మూడూ నాలుగు,
చివర కాస్త ఖాళీ.
"ఏంటది?" అన్నాడు.
"జలుబు" అన్నా.