ఏప్రిల్ ఐదు లోపల

హలో, వినపడుతోందా బాబూ?
గ్లెనిస్ టనిక్లిఫ్ అంటారు నన్ను. స్టోక్ నుంచి.
ఇరవై నిమిషాలుగా మీ పియానో వింటున్నాను,
అదే ముక్క, అదే చోట తెగుతోంది.

ఉద్యోగం మానేశాను. సెప్టెంబరులో.
తీసేయలేదు, నేనే మానేశాను.
ఆ తేడా నీ గళ్లలో పడుతుందో లేదో గానీ
రాసుకో.

గోడలకు చెవులుంటాయంటారే,
కప్పులకు చెవులు పెట్టిన చేతులివి, ముప్పై ఒక్క ఏళ్లు.
పచ్చిమట్టి కప్పు, పచ్చిమట్టి చెవి,
మధ్యన వేలికొసంత జారుడు మట్టి,
ఊపిరి బిగబట్టి ఒక్క నొక్కు.
రోజుకు తొమ్మిది వందలు.
ఒక మంగళవారం బొటనవేలు మాట వినలేదు.
అతికించిన చెవి అతికించినట్టే ఊడి
అరచేతిలోకి వచ్చింది.
ఏప్రన్ విప్పి మేకుకు తగిలించి
బస్సెక్కాను. ఇంకా టీ వేళ కూడా కాలేదు.

సరే, అసలు సంగతి.
ఏప్రిల్ నుంచి ఆ మంగళవారం దాకా సంపాదించింది
పి-నలభై ఐదు కాగితం మీద ఉంది:
తొమ్మిది వేల ఆరు వందల పన్నెండు పౌండ్లు.
తర్వాత అక్టోబరు సున్నా, నవంబరు సున్నా,
క్రిస్మస్ సున్నా, మంచు కురిసిన వారం సున్నా.
ఎల్లుండితో పన్నుల ఏడాది అయిపోతుంది.
కంపెనీ లేదు, మేస్త్రీ లేడు, జీతం చీటీ లేదు.
నా అంతట నేను పింఛను కుండలో
ఓ గుప్పెడు వేయొచ్చా?
దానికింకా మూత తెరిచే ఉందా?

వేయొచ్చంటావా.
ఈ ఏడు సంపాదించినంత మేరకు,
పని చేసింది ఎన్ని నెలలైనా సరే అంటావా.
మళ్లీ చెప్పు, నెమ్మదిగా.
నేను ఎనభై వేస్తే
సర్కారు ఇరవై కలిపి నూరు చేస్తుందా?
మా సూపర్వైజరు ముప్పై ఒక్క ఏళ్లలో
ఒక బిస్కెట్టు కలిపిన పాపాన పోలేదు.

రెండు వేల రెండు వందల నలభై.
ఎక్కడిదని నువ్వడగలేదు, నేనే చెబుతాను.
పావురాలమ్మాను. పందెం పావురాలు, పదహారు.
మోకాళ్లు పోయి మా అన్న ఈనక్
నా పెరట్లో వదిలేసినవి.
పొద్దున ఫ్రాన్సులో బుట్ట తెరిస్తే
చీకటి పడేలోగా హాన్లీ కప్పుల మీద వాలేవి.
కొన్నవాడిది లీక్. మంచివాడు,
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

మూడో రోజుకు ఒకటి వెనక్కి వచ్చేసింది.
మెడ మీద సున్నం చుక్కలాంటి మచ్చ ఉన్న ఆడపిట్ట.
డబ్బూ నా దగ్గరే, పిట్టా నా దగ్గరే,
నిద్ర పట్టలేదు.
ఫోన్ చేస్తే వచ్చి పట్టుకెళ్లాడు.
మళ్లీ వచ్చింది.
ఈసారి అతనే అన్నాడు, ఉంచేసుకో తల్లీ అని.

అందుకే అడుగుతున్నాను.
నాకు నలభై తొమ్మిది.
యాభై ఏడు నిండేదాకా
ఈ డబ్బు ముట్టుకోవడానికి లేదంటున్నావు.
అన్నేళ్లు బయట తిరిగొచ్చేదానికి
నా ఇల్లు గుర్తుంటుందా?
నవ్వుతున్నావా. నవ్వు, పర్వాలేదు.
ఇవాళ పొద్దుటి నుంచి నాతో నవ్విన మొదటి మనిషివి.

బొటనవేలా? వానొస్తే నొప్పి.
ఇక్కడ ఎప్పుడూ వానే.
సోమవారం నుంచి స్కూలు వంటశాలలో పని,
రోజుకు మూడు గంటలు. అది వచ్చే ఏడాది లెక్క,
దీన్లో కలపకు.

లేదు లేదు, ఉన్నాను.
కిటికీలోంచి చూస్తున్నాను, అంతే.
ఖాళీ గూళ్లు పదహారూ వరసగా తనిఖీ చేస్తోంది
ఒక్కతే, మేస్త్రీలాగా.

కార్డు నంబరు చెబుతాను.
రాసుకో.